మీడ్‌లో శాతం ఎంత అని అడిగే ముందు

తేనె పులియబెట్టి మొదటిసారి మీడ్ చేసుకున్నవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా ముందు అడిగేది "ఇందులో ఆల్కహాల్ ఎంత శాతం ఉంటుంది?" అనే. పోయిన చలికాలంలో, ఇక్కడ మిషిగన్‌లోనే మాకు అరగంట దూరంలో ఉండే ఒక మిత్రుడూ అదే అడిగాడు. మూడు పౌండ్ల తేనె, ఒక ప్యాకెట్ 71బి అనే రకం ఈస్ట్, రెండు గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్టు. ఎయిర్‌లాక్‌లో (లోపలి గ్యాస్‌ను బయటికి వదులుతూ బయటి గాలిని రానివ్వని బిరడా) బుడగలు ఆగిపోయాయి. ఆర్డరిచ్చిన హైడ్రోమీటర్, అంటే ద్రవంలో ముంచి సాంద్రత చూసే గాజు గొట్టం, ఆ వారమే ఇంటికొచ్చింది. ముంచి చూస్తే 1.010 చూపించిందట. "శాతం ఎంతుంటదక్కా? సీసాల మీద లేబుల్ అంటించాలె. ఉగాదికి మనోళ్ళందరికీ తలా ఒకటి ఇద్దామనుకుంటున్న."

ఈస్ట్ వేయకముందు రీడింగ్ ఎంతుందని అడిగాను. అప్పటికి హైడ్రోమీటరే లేదన్నాడు.

అతనిలా అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి నా అభిప్రాయం కాస్త వివరంగా రాస్తున్నాను. మొదటి మీడ్‌కి శాతం అనేది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న చక్కెర సంగతి. ఎంతతో మొదలైంది, ఎంత మిగిలింది, ఈస్ట్ పని ముగించి ఆగిందా, మధ్యలో ఆగిందా? దీనికి జవాబు తెలియకుండా సీసాకు కార్క్ బిగించకూడదు. మనం కొనే పరికరాలు, నేర్చుకునే సూత్రాలు అన్నీ శాతం చుట్టూనే తిరుగుతున్నాయి. అసలు భయపడాల్సిన చోట మాత్రం చూపు పెట్టడం లేదు.

ముందుగా ఒక మాట. అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం సొంతానికి, అమ్మకుండా, పెద్దవాళ్ళు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్ల వైన్ చేసుకోవచ్చు. మీడ్ కూడా అందులోకే వస్తుంది. ఆంధ్ర, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం ఎక్సైజ్ నేరం. ఇదంతా ఇక్కడి సంగతిగానే చదువుకోండి.

గాజు గొట్టం దేన్ని కొలుస్తుంది?

హైడ్రోమీటర్ చక్కెరను కొలవదు. ఆల్కహాల్‌నీ కొలవదు. అది చూపించేది సాంద్రత ఒక్కటే. మంచినీళ్ళలో 1.000 గీత దగ్గర తేలుతుంది. తేనె కలిపితే ద్రవం బరువెక్కి గొట్టం పైకి లేస్తుంది, 1.080 అనో 1.100 అనో చూపిస్తుంది. ఈస్ట్ ఆ చక్కెర తింటున్నకొద్దీ గొట్టం కిందికి దిగుతుంది. ఆ దిగడానికి కారణాలు రెండు. చక్కెర తగ్గడం ఒకటి, నీళ్ళకంటే తేలికైన ఆల్కహాల్ చేరడం మరొకటి. నీళ్ళ సాంద్రత 1 అనుకుంటే ఆల్కహాల్‌ది 0.789. ఈ రెండు మార్పులూ కలిసి ఒకే గీత మీద కనిపిస్తాయి. ఏది ఎంతో విడదీసి చెప్పడం గొట్టానికి చేతకాదు.

పల్లెటూళ్ళలో పెరిగినవాళ్ళకు ఈ పరికరం కొత్త కాదు. పాల కేంద్రంలో చూసిన లాక్టోమీటర్ ఇదే. పాలలో నీళ్ళు కలిపితే గొట్టం మునుగుతుంది. మీగడ తీసేస్తే పాల సాంద్రత పెరిగి గొట్టం లేస్తుంది. కాబట్టి మీగడ తీసి, సరిపడా నీళ్ళు పోస్తే లాక్టోమీటర్ మంచి పాలనే చెబుతుంది. మా ఊళ్ళో ఈ సంగతి అందరికీ తెలుసు. అందుకే కేంద్రాల్లో వెన్న శాతం కూడా వేరే పరీక్షతో చూస్తారు. పాలు పోసేవాళ్ళకు, పోయించుకునేవాళ్ళకు తెలిసిన ఈ చిన్న విషయం మీడ్ దగ్గరకొచ్చేసరికి మనం మర్చిపోతున్నాం.

మిత్రుడి 1.010 సంగతే తీసుకోండి. మొదటి రీడింగ్ నుంచి చివరి రీడింగ్ తీసేసి 131.25 పెట్టి గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. ఇళ్ళలో చేసేవాళ్ళంతా వాడే సూత్రం ఇదే. 1.050 దగ్గర మొదలై 1.010కి వస్తే అది 5 శాతం. 1.120 దగ్గర మొదలై అదే 1.010కి వస్తే 14 దాటింది. గీత ఒక్కటే, లోపలున్నవి మాత్రం రెండు వేరు వేరు పానీయాలు.

ఇంకో తికమక గొట్టం లోపలి కాగితం మీదే ఉంది. ఇక్కడ దొరికే మామూలు హైడ్రోమీటర్లకు మూడు స్కేళ్ళు ఉంటాయి: సాంద్రత, బ్రిక్స్ (బరువులో చక్కెర శాతం), 'పొటెన్షియల్ ఆల్కహాల్'. ఆ మూడోదాన్ని చూసి ఇప్పుడు అందులో ఉన్న ఆల్కహాల్ అదే అనుకునేవాళ్ళున్నారు. ఉన్న చక్కెరంతా పులిస్తే రాగల ఆల్కహాల్ అది. షాపులో కొన్న ద్రాక్షరసంలో ముంచినా ఏదో ఒక శాతం చూపిస్తుంది. ఇక స్పిరిట్లకు వాడే ఆల్కహాల్ మీటర్ కొనుక్కుని మోసపోయామనుకునేవాళ్ళు ఇంకొందరు. మన దగ్గర విస్కీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుందే, దాదాపు నీళ్ళూ ఆల్కహాలే ఉండే అలాంటి వాటికోసం చేసింది అది. తీపి మీడ్‌లో ముంచితే సున్నా చూపించి ఊరుకుంటుంది. పరికరం తప్పేమీ లేదు, చక్కెర దాన్ని పైకి తోస్తోంది.

తప్పిపోయిన రీడింగ్

మొదటి రీడింగ్‌కు ఉన్న విలువ అది తప్పిపోతేగానీ తెలియదు. ఈస్ట్ పని మొదలుపెట్టాక దాన్ని మళ్ళీ తీయలేం. లెక్కవేసి ఊహించాలి.

తేనెతో ఊహించడం సులువే అనిపిస్తుంది. గ్యాలన్‌లో ఒక పౌండు తేనె ఉంటే సాంద్రత సుమారు 35 పాయింట్లు (ఒక పాయింటు అంటే 0.001) పెరుగుతుంది. మూడు పౌండ్లకు 105, అంటే 1.105. మిత్రుడు వెంటనే ఫోన్‌లో లెక్కేసి పన్నెండున్నర శాతం అన్నాడు. అప్పుడు అడిగాను, తేనె వేసి గ్యాలన్ గుర్తు వరకు నీళ్ళు పోశావా, తేనె మీద గ్యాలన్ నీళ్ళు పోశావా అని. బకెట్టుకు గుర్తులేం లేవు. అతనికి జ్ఞాపకం లేదు. ఒక గ్యాలన్ తేనె దాదాపు 12 పౌండ్లు తూగుతుంది. మూడు పౌండ్లంటే పావు గ్యాలన్. గ్యాలన్ నీళ్ళు విడిగా పోసి ఉంటే మొత్తం గ్యాలన్నూ పావూ అవుతుంది. అప్పుడు మొదటి రీడింగ్ 1.084. ఆల్కహాల్ 9.7 శాతం. ఒక చెంబు నీళ్ళ దగ్గర దాదాపు మూడు శాతం తేడా.

తేనె తేనెకూ తేడా ఉంటుంది. అమెరికాలో గ్రేడ్ ఏ తేనెలో తేమ 18.6 శాతం మించకూడదు. మన దేశంలో 20 వరకు ఒప్పుకుంటారు. తేమ పెరిగినంత మేరా చక్కెర తగ్గినట్టే.

మొదటి రీడింగ్ తీసినవాళ్ళకు కూడా ఒక్కోసారి తప్పు అంకె వస్తుంది. తేనె నీళ్ళలో పోసి గరిటెతో నాలుగుసార్లు తిప్పితే పైకి కలిసిపోయినట్టే కనిపిస్తుంది. గాజు జాడీలో చేసేవాళ్ళు వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే, అడుగున వేలెడు మందాన తేనె పొర వంకర టింకరగా మెరుస్తూ కనిపిస్తుంది. పైనుంచి తీస్తే తక్కువ, అడుగునుంచి తీస్తే ఎక్కువ. ఆ పొర కరిగిపోయేదాకా కలపాలి. ఆ తర్వాతే నమూనా తీయాలి. సన్నటి గొట్టపు జారులో పోసి, హైడ్రోమీటర్‌ను వేళ్ళతో ఒకసారి గిర్రున తిప్పి వదలాలి. పులుస్తున్న మీడ్ అయితే గాజుకు గ్యాస్ బుడగలు అంటుకుని గొట్టాన్ని ఎత్తిపట్టుకుంటాయి. తిప్పితే అవి రాలిపోతాయి. గొట్టం నిలకడగా ఆగాక, వంగి కంటిని నీటిమట్టానికి తెచ్చి, అంచున పైకి పాకిన ద్రవాన్ని వదిలేసి మట్టం ఉన్న గీత చదవాలి. కొత్త గొట్టాన్ని ఒకసారి డిస్టిల్డ్ వాటర్‌లో, దాని మీద రాసిన ఉష్ణోగ్రత దగ్గర (చాలావాటికి 60 ఫారెన్‌హీట్) ముంచి 1.000 వస్తుందో లేదో చూసుకోవడం మంచిది. లోపలి కాగితం జారిపోయి రెండు మూడు పాయింట్లు తేడా చూపించేవి ఉంటాయి.

మిత్రుడి బకెట్టుకు ఒక పాత పద్ధతి చెప్పాను. కొలిచి పావు లీటరు తీసుకుని, రీడింగ్ చూసి, ఎలక్ట్రిక్ స్టవ్ మీద, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, సగం అయ్యేదాకా మరిగించాలి. ఆల్కహాల్ ఎగిరిపోతుంది, చక్కెర ఉండిపోతుంది. చల్లార్చి, డిస్టిల్డ్ వాటర్ పోసి మళ్ళీ సరిగ్గా పావు లీటరు చేసి, మొదటి ఉష్ణోగ్రత దగ్గరే రీడింగ్ చూడాలి. 1.010 కాస్తా 1.023 అయింది. ఆ 0.013 తేడా ఆల్కహాల్ లేకపోవడం వల్ల వచ్చిందే. ఎంత తేడాకు ఎంత ఆల్కహాలో చెప్పే పట్టికలో చూస్తే పది శాతానికి కొంచెం తక్కువ. అంటే గ్యాలన్ నీళ్ళు విడిగానే పోశాడన్నమాట. ఈ పద్ధతి మీద మరీ భరోసా పెట్టుకోవద్దు. మామూలు హైడ్రోమీటర్‌లో ఒక చిన్న గీత 0.002. అంత మేర చదవడం తప్పితే శాతంలో ఒకటిన్నర మారిపోతుంది. పన్నెండున్నరా, పదా అన్నది తేల్చడానికి సరిపోయింది, అంతే.

తాత ఏ మీటర్ పెట్టిండు?

ఇదంతా చెబుతుంటే మిత్రుడు అడిగిన ప్రశ్న నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. అతనిది నల్లగొండ జిల్లా. వాళ్ళ తాత తాళ్ళెక్కి కల్లు గీసినవాడు. "తాత ఏ మీటర్ పెట్టి చూసిండు అక్కా? వాసన చూస్తే చెప్పేటోడు." ఆ మాట అమ్మ చెవిన పడింది. ఇక్కడికొచ్చిన ఆర్నెల్లూ ఈ తేనె వ్యవహారం ఆమెకు నచ్చలేదు, అయినా అందుకుంది. "నలభై ఏళ్ళుగా అరిసెలు వండుతున్నానే. పాకానికి ఏ మీటరు పెట్టాను?"

ఇద్దరి మాటలూ నేను కొట్టిపారేయలేను. వాళ్ళ చేతుల్లో ఉన్నది కొలతే. పాకం చుక్క చన్నీళ్ళలో వేసి వేళ్ళతో ఉండ కడుతుందా లేదా అని చూడటం చక్కెర చిక్కదనాన్ని చూడటమే. తేడా వస్తే ఆ నిమిషంలోనే తెలుస్తుంది, ఆ నిమిషంలోనే సర్దుకోవచ్చు. కల్లు కూడా అంతే. లొట్టిలో సున్నం రాస్తే నీరాగా నిలుస్తుంది, రాయకపోతే చెట్టు మీదే పులుస్తుంది. పొద్దున దించింది సాయంత్రానికి మారిపోతుంది. తాత రోజూ గీశాడు, రోజూ రుచి చూశాడు, అదే రోజు తాగించాడు. అన్నిటికంటే ముఖ్యమైనది, కల్లు లొట్టికి మూత బిగించలేదు. పుట్టిన గ్యాస్ పుట్టినట్టే గాలిలో కలిసిపోయింది.

మీడ్ అలా కాదు. నెలల తరబడి పులుస్తుంది, ఆ తర్వాత నెలల తరబడి సీసాలో ఉంటుంది. మొదటిసారి చేసేవాడి నాలుకకు పాత అనుభవం లేదు. పైగా నాలుకను మోసం చేయడానికి మీడ్‌లో చాలా ఉన్నాయి. కుర్ర మీడ్‌లో ఆల్కహాల్ ఘాటు తీపిని కప్పేస్తుంది, తేనె వాసనేమో లేని తీపిని ఉన్నట్టు చూపిస్తుంది. చేయి తిరిగినవాళ్ళు రుచితో చెప్పగలరని ఒప్పుకుంటాను. చేయి తిరిగేదాకా మీటర్ కావాలి.

మూత బిగించాక ఏమవుతుంది?

పులుస్తున్నప్పుడు హైడ్రోమీటర్ మీద ఒక పాయింటు, అంటే 0.001 దిగిందంటే లీటరుకు సుమారు రెండు గ్రాముల చక్కెర ఖర్చయినట్టు. పది పాయింట్లకు 20 గ్రాములు. షాంపేన్ చేసేవాళ్ళు సీసాలో రెండోసారి పులియడానికి లీటరుకు దాదాపు 24 గ్రాముల చక్కెర వేస్తారు. దాంతో సీసాలో సుమారు ఆరు అట్మాస్ఫియర్ల ఒత్తిడి పుడుతుంది. దానికోసమే మందపాటి గాజు సీసా, కార్క్ మీద తీగ కట్టు. మిత్రుడి దగ్గర 1.010 మీద ఆగిన మీడ్ ఉంది, పోయడానికి మామూలు వైన్ సీసాలున్నాయి. అది ఆగలేదు, చలికి నిద్రపోయింది అనుకోండి. ఉగాదికి తలా ఒక సీసా ఇస్తే, జూన్‌లో ఎవరింటి ప్యాంట్రీలోనో అది మళ్ళీ లేస్తుంది. మనకు తెలిసిన ఒకరింట్లో అలా కార్కులు లేచి గోడంతా మీడ్ అయింది. గట్టి మూతలున్న సీసాలైతే గాజే పగిలేది. ఆ అలమరలోంచి పిల్లలు చిరుతిళ్ళు తీసుకుంటుంటారు.

ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగాయి కదా అంటారు. బుడగలు సాక్ష్యం కాదు. బకెట్టు మూత అంచు నుంచి గ్యాస్ పోతుంటే పులుస్తున్నా బుడగలు రావు. గది వేడెక్కితే కరిగి ఉన్న గ్యాస్ బయటికొచ్చి, పులియకపోయినా బుడగలు వస్తాయి. 1.000 వచ్చింది, చక్కెర అయిపోయినట్టే అనడమూ పొరపాటే. ఆల్కహాల్ తేలిక కాబట్టి పూర్తిగా పులిసిన మీడ్ 0.995కి, ఇంకా కిందికీ దిగుతుంది. 1.000 దగ్గర కూడా ఈస్ట్‌కు తినడానికి ఇంకా ఉండొచ్చు.

నమ్మదగ్గది ఒక్కటే: రెండు మూడు వారాల ఎడంలో తీసిన రీడింగులు మారకపోవడం, ఆ ఆగడం ఎందుకో మనకు అర్థం కావడం.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. చేసేదే ఒక గ్యాలన్. ముంచినప్పుడల్లా అర గ్లాసు పైన తీయాలి. ఊరికే మూత తీస్తుంటే గాలి తగులుతుంది. నిజమే. దీనికి రిఫ్రాక్టోమీటర్ (ద్రవంలో కాంతి ఎంత వంగుతుందో చూసి చక్కెర అంచనా వేసే పరికరం) వాడొచ్చంటాను. రెండు చుక్కలు చాలు. అది బ్రిక్స్ చూపిస్తుంది, మొదటి రీడింగ్‌కు చక్కగా పనికొస్తుంది. పులిసిన తర్వాత మాత్రం ఆల్కహాల్ వల్ల అంకె చెడిపోతుంది. చక్కెరంతా అయిపోయిన మీడ్‌కు కూడా ఎనిమిదో తొమ్మిదో బ్రిక్స్ చూపించగలదు. ఆ అంకె చూసి ఇంకా తీపి ఉందని కంగారుపడేవాళ్ళున్నారు. సవరణ లెక్కలున్నాయి, వాటికీ మొదటి రీడింగ్ కావాలి. మరెందుకు వాడటం అంటే, మన ప్రశ్న శాతం కాదు కాబట్టి. మారుతోందా లేదా అన్నదే ప్రశ్న అయితే, తప్పు అంకె అయినా కదులుతున్నంతకాలం మీడ్ కూడా కదులుతున్నట్టే. కదలిక ఆగినట్టు అనిపించాక హైడ్రోమీటర్‌తో రూఢి చేసుకుంటే సరిపోతుంది, ఎందుకంటే ఒకటి రెండు పాయింట్ల మార్పు రిఫ్రాక్టోమీటర్‌లో కనపడదు.

అయితే శాతం అక్కర్లేదా?

కావాలి. తాగేవాళ్ళకు తెలియాలి. ఇక్కడ ఒక డ్రింక్ అంటే 5 శాతం బీరు 12 ఔన్సులు, 12 శాతం వైన్ 5 ఔన్సులు. తీయగా ఉంది కదాని మీడ్‌ను బీరు గ్లాసులో పోసుకుని ఎవరూ కారెక్కకూడదు. అయితే దానికి పదా, పన్నెండా అన్నంత తెలిస్తే చాలు. 12.47 అని లేబుల్ మీద వేసేవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది. అమెరికాలో వైన్ అమ్మే కంపెనీలకే 14 శాతం వరకు ఒకటిన్నర శాతం అటూ ఇటూ ఉండొచ్చని నియమం ఉంది. మన సూత్రమే ఉజ్జాయింపు, దానికి రెండు దశాంశాలెందుకు?

శాతం అసలు పనికొచ్చేది మరోచోట. ఈస్ట్ ఎందుకు ఆగిందో అది చెబుతుంది. 71బి సుమారు 14 శాతం వరకు తట్టుకుంటుంది. మిత్రుడి మీడ్ పన్నెండున్నర దగ్గర ఉంటే, ఈస్ట్ అలసిపోయి ఉండొచ్చని వాదించడానికి కొంచెం చోటుండేది. పది కూడా లేదు, పైగా తినడానికి చక్కెర మిగిలుంది, బేస్‌మెంట్‌లో 55 ఫారెన్‌హీట్. తేనెలో ఈస్ట్‌కు కావాల్సిన నైట్రోజన్ ఎటూ తక్కువే, దానికోసం వేసే న్యూట్రియెంట్ పొడి అతను వేయలేదు. అన్నీ కలిపి చూస్తే ఇది పూర్తయిన మీడ్ కాదు. ఆ మాటే చెప్పి, ఉగాది సంగతి మర్చిపొమ్మన్నాను. కొంచెం నొచ్చుకున్నాడు.

బకెట్టును పైగదికి మార్చి, అడుగున పేరుకున్న ఈస్ట్‌ను మెల్లగా కదిపాడు. కొన్నాళ్ళు ఏమీ మారలేదు. ఆ తర్వాత నెమ్మదిగా దిగుతూ 0.998 దగ్గర ఆగి, వారాలు గడిచినా అక్కడే ఉంది. తేరుకున్నాక పైతేట తీసి, పొటాషియం మెటాబైసల్ఫైట్, పొటాషియం సార్బేట్ వేశాడు. ఇవి పులుస్తున్న మీడ్‌ను ఆపే మందులు కావు, ఆగినదాన్ని మళ్ళీ లేవకుండా చూస్తాయి. ఆ తర్వాతే తీపి కోసం కొంచెం తేనె కలిపాడు. మళ్ళీ ముంచితే 1.012 చూపించింది. ఆ అంకెను సూత్రంలో వేయొద్దని ముందే చెప్పి ఉంచాను, వేస్తే ఆల్కహాల్ ఎగిరిపోయినట్టు లెక్క వస్తుంది. లేబుల్ మీద రాయాల్సింది తేనె కలపక ముందు లెక్కే: 1.084 నుంచి 0.998, సుమారు 11 శాతం. సీసాల్లో పోసినా అప్పుడే పంచొద్దని, ఒక సీసాకు స్క్రూ మూత పెట్టి వెచ్చటి గదిలో ఉంచి వేసవి అంతా చూడమని చెప్పాను. మూత తిప్పినప్పుడు బుస్సుమనకపోతే మిగతావి పంచుకోవచ్చు.